విచారణ నివేదికను మార్చమంటే విశ్వవిద్యాలయ న్యాయ అధికారి ఏం చేయాలి?

బెంగళూరులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో న్యాయ అధికారిగా పనిచేస్తున్నాను. ఒక పరిశోధక విద్యార్థిని ఇచ్చిన లైంగిక వేధింపుల ఫిర్యాదుపై అంతర్గత కమిటీ నివేదిక సమర్పించగా, గైడు అర్ధరాత్రి పంపిన వాట్సాప్ సందేశాల పేరాను తొలగించాకే ఇరుపక్షాలకూ ప్రతులు ఇవ్వాలని రిజిస్ట్రారు గారు నన్ను ఆదేశించారు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం విచారణను కమిటీకి అప్పగించిందే తప్ప, నివేదికను దిద్దే అధికారాన్ని యాజమాన్యానికి ఇవ్వలేదని నా దృఢమైన అభిప్రాయం. ఆ అమ్మాయికి అన్యాయం జరగకూడదన్నదే నా ఆరాటం. అయితే, జీతం మీద పనిచేసే న్యాయ సలహాదారుకూ యాజమాన్యానికీ మధ్య జరిగే ఉత్తరప్రత్యుత్తరాలకు న్యాయవాదులకుండే గోప్యతా రక్షణ వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినందున, నేను ఫైలులో రాసే అభ్యంతరం రేపు కోర్టు ముందుకు రావచ్చు. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే దానికి ఆధారమే మిగలదు. రాతపూర్వకంగా నిరాకరించి, విషయాన్ని కమిటీ అధ్యక్షురాలికి తెలియజేస్తే, అదే చట్టంలోని 16వ సెక్షను విధించిన గోప్యతను ఉల్లంఘించినట్టవుతుందా? ఇటువంటి బాధ్యతల్లో పనిచేసిన న్యాయ నిపుణులు దయచేసి తెలియజేయగలరు.