అప్‌డేట్: నాగావళి ఇసుకలో దొరికిన ఎర్రరాయి గార్నెట్

రాయగడ దగ్గర నాగావళి ఇసుకలో దొరికిన ముదురు ఎరుపు రాయి ఏమిటని అడిగాను కదా. కొందరు కెంపు అన్నారు, కొందరు అమెథిస్ట్ (ఊదా రంగు క్వార్ట్జ్ రాయి) అన్నారు. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి తూచాను: బయట 42 గ్రాములు, నీటిలో 31.5. తగ్గిన బరువు 10.5; 42ని దానితో భాగిస్తే సాంద్రత 4, అంటే నీటికి నాలుగు రెట్లు. అమెథిస్ట్ సాంద్రత 2.65 మాత్రమే, కాబట్టి అది కాదు. కెంపుది కూడా దాదాపు 4 కావడంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు! భూగర్భశాస్త్రం చెప్పే మా మామయ్య భూతద్దంతో ముఖాలు లెక్కపెట్టమన్నారు. అరిగినా, గార్నెట్‌కు తరచూ ఉండే పన్నెండు ముఖాల ఆకారం తెలుస్తోంది. కెంపు స్ఫటికం ఆరు పలకలది. ఇది ఆల్మండైన్ అనే ముదురు ఎరుపు రకం గార్నెట్ అని ఆయన తేల్చారు. ఇక్కడి కొండల్లోని ఖోండలైట్ శిలలో గార్నెట్ మామూలేనట. ఖోంద్ గిరిజనుల పేరు మీదే ఆ శిలకు పేరు వచ్చింది. కోణార్క్ ఆలయాన్ని ప్రధానంగా కట్టిందీ దానితోనే. రాయిని అమ్మను, సానపట్టించను.