అక్వేరియం నీళ్లు: మొత్తం మార్చాలా, పావు వంతు చాలా?

గంటస్తంభం కుర్రాడు (విజయనగరం):
అందరికీ నమస్కారం. ఇంట్లో రెండడుగుల గాజు తొట్టి ఉంది. గోల్డ్‌ఫిష్‌లు, ఒక స్పాంజ్ ఫిల్టర్, కింద గులకరాళ్లు. నీళ్ల విషయంలో నాకూ మా నాన్నగారికీ కుదరడం లేదు. నెలకోసారి చేపల్ని బకెట్లో వేసి, తొట్టి, రాళ్లు, స్పాంజ్ అన్నీ కుళాయి కింద తోమి కడిగి, నిండా కొత్త నీళ్లు పట్టాలని ఆయన మాట. వారం వారం పావు వంతు మార్చాలని నా మాట. "మురికి నీళ్లలో పావు వంతు మంచినీళ్లు పోస్తే అవి మంచినీళ్లయిపోతాయా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. మున్సిపల్ కుళాయి, బోరు రెండూ ఉన్నాయి. మీ అభిప్రాయం చెప్పండి.

పాత బస్టాండు మాస్టారు (శ్రీకాకుళం):
మీ నాన్నగారు అడిగినదాంట్లో న్యాయం ఉంది బాబూ. పావు వంతు అని అందరూ అంటారు గానీ లెక్క వేసి చూసేవాళ్లు తక్కువ. నీ తొట్టిలో వారానికి 10 పీపీఎం (లీటరుకి 10 మిల్లీగ్రాములు) నైట్రేట్, అంటే చేపల విసర్జన చివరికి మారే పదార్థం, పెరుగుతోందనుకో. వారానికి పావు వంతు చొప్పున మారిస్తే పోనుపోను అది 40 దాకా చేరి అక్కడ నిలుస్తుంది. సగం మారిస్తే 20 దగ్గరే ఆగిపోతుంది. డిస్కస్ చేపలు పెంచేవాళ్లలో రోజూ సగం నీళ్లు మార్చేవాళ్లున్నారు, వాళ్ల చేపపిల్లలు చకచకా ఎదుగుతాయి. గోల్డ్‌ఫిష్ తినేది ఎక్కువ, విసర్జించేదీ ఎక్కువే. దానికి పావు వంతు చాలదు. నా ఓటు సగానికి.

పూసపాటిరేగ రొయ్యలు:
మాస్టారి లెక్క తప్పని నేననను. కానీ ఈ తమ్ముడి తొట్టికి ఇప్పటికిప్పుడు సగం మార్చమంటే ప్రమాదం. ముందు వాళ్ల నాన్నగారి ప్రశ్నకి జవాబు చెప్పాలి. తొట్టిని శుభ్రం చేసేది నీళ్లు కాదు. స్పాంజ్‌లో, రాళ్ల మీద పట్టి ఉండే బ్యాక్టీరియా. చేప వదిలే అమ్మోనియాని అవి నైట్రైట్ చేస్తాయి, వేరే రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోదాన్ని చేప చాలా మటుకు తట్టుకుంటాది. స్పాంజ్‌ని క్లోరిన్ ఉన్న కుళాయి కింద పిండితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతాది. మళ్లీ పూర్తిగా పట్టడానికి వారాలు పడతాది. అంటే తొట్టి తళతళలాడుతున్నప్పుడే అందులో అమ్మోనియా లేవడం మొదలవుతాది. స్పాంజ్ కడగాలంటే తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి వదిలేయాలి.

ఇంకో సంగతి, దీన్ని రొయ్యల చెరువుల దగ్గర మేం కళ్లారా చూస్తాం. చాన్నాళ్లు నీళ్లు మార్చని చోట పీహెచ్ (నీళ్లలో పులుపు ఎంతో చెప్పే కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నెమ్మదిగా పడిపోతాది. పీహెచ్ తక్కువున్నప్పుడు అమ్మోనియా అమ్మోనియం రూపంలో ఉంటాది, అది అంత హాని చెయ్యదు. అలాంటి తొట్టిలోకి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు ఒక్కసారిగా పోశామనుకో, అదే అమ్మోనియా విషంగా మారిపోతాది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే విషపు భాగం దగ్గర దగ్గర 10 రెట్లవుతాది. మొత్తం నీళ్లు మార్చిన మర్నాడు చేపలు తేలితే కొత్త నీళ్లు చెడ్డవని జనం అనుకుంటారు. నీళ్ల తప్పు కాదది, ఒక్కసారిగా మార్చిన మార్పు తప్పు.

పాత బస్టాండు మాస్టారు:
అది ఒప్పుకుంటాను. నేను చెప్పిన సగం, వారం వారం మారుతూ వచ్చిన తొట్టికి. అక్కడ పాత నీళ్లకీ కొత్త నీళ్లకీ పెద్దగా తేడా ఉండదు కాబట్టి చేపకి దెబ్బ తగలదు. నెలల తరబడి వదిలేసిన తొట్టి అయితే మొదట రోజు విడిచి రోజు పదో వంతు చొప్పున మార్చుకుంటూ రావాలి.

మొక్కల తొట్టి (బొబ్బిలి):
నేను అసలు మార్చనే మార్చను. తొట్టి నిండా మొక్కలున్నాయి, చేపలు తక్కువ. అమ్మోనియా, నైట్రేట్ మొక్కలే తాగేస్తాయి. ఆవిరైనంత మేర బోరు నీళ్లు పోస్తాను, అంతే. ప్రకృతిలో చెరువుకి ఎవరు నీళ్లు మారుస్తున్నారు?

పూసపాటిరేగ రొయ్యలు:
చెరువుకి వాన మారుస్తాదమ్మా. వానాకాలంలో నిండి అలుగు పారిందంటే పాత నీరు పోయి కొత్త నీరు వచ్చినట్టే. మీ తొట్టికి అలుగు లేదు. ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పులు తొట్టి నీళ్లలోనే ఉండిపోతాయి. మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఇంకొంచెం ఉప్పు చేరుతాది. మన ఎండల్లో ఎంత ఆవిరవుతాదో మీకు తెలిసిందే. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి కొని తొట్టి నీళ్లూ బోరు నీళ్లూ పక్కపక్కన చూడండి. తేడా లేకపోతే మీ మాటే నిజం.

మొక్కల తొట్టి (బొబ్బిలి):
మీటరు తెస్తాను. కానీ మొక్కల తొట్టిని మామూలు తొట్టితో కలిపి మాట్లాడొద్దన్నదే నా వాదన, అది వదులుకోను.

పలాస:
అసలు ప్రశ్న ఏ నీళ్లు పోస్తున్నారన్నది కదా. మున్సిపల్ నీళ్లు బకెట్లో పట్టి ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ పోతుంది, మందులెందుకు?

పూసపాటిరేగ రొయ్యలు:
ఒక రాత్రి అని గుడ్డిగా నమ్మొద్దన్నా. వెడల్పాటి టబ్బులో మూత లేకుండా, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఉంచితే చాలావరకు పోతాది. మూత పెట్టిన ట్యాంకులోనో, మూతి చిన్నదైన బిందెలోనో ఉంచితే అంత తొందరగా పోదు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గర కనీసం 0.2 పీపీఎం క్లోరిన్ మిగలాలి. అది మనిషికి రక్షణ, చేప మొప్పలకి మంట. వానాకాలంలో, తుఫాన్ల తర్వాత బ్లీచింగ్ ఇంకా గట్టిగా వేస్తారు. క్లోరోస్కోప్ అని పంచాయతీ వాళ్ల దగ్గర ఉంటాది చూడు, నీళ్లలో రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతాది. మేం చెరువులో బ్లీచింగ్ కొట్టాక ఆ పసుపు పూర్తిగా పోయేదాకా రొయ్య పిల్లని వదలం. తొట్టికీ అదే పద్ధతి. తొందరుంటే హైపో, అదే సోడియం థయోసల్ఫేట్, వాడొచ్చు. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కి సుమారు 7 మిల్లీగ్రాములు కావాలి.

పలాస:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టర్ ఆగిపోతే నీళ్లు మార్చాలా వద్దా?

పాత బస్టాండు మాస్టారు:
మార్చాలి, కొంచెం కొంచెంగా. తిండి మానేయండి, చేప రోజుల తరబడి తట్టుకుంటుంది. మగ్గుతో తొట్టి నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉంటే గాలి కలుస్తుంది. చాలా గంటలు ఆగి ఉన్న మూసిన ఫిల్టరైతే కరెంటు రాగానే స్విచ్ వెయ్యకండి. లోపల కుళ్లిన నీళ్లు పారబోసి, మీడియాని (ఫిల్టర్ లోపలి స్పాంజ్, రాళ్ల లాంటివి) తొట్టి నీళ్లతో కడిగి అప్పుడు పెట్టండి.

ఇంకొకటి, ఎవరూ అనలేదు. నీళ్లు తీసే ముందు ఫిల్టర్, హీటర్, లైటు ప్లగ్గులన్నీ పీకాలి. స్విచ్ కట్టేశాం కదా అని చెయ్యి పెట్టొద్దు. వేడిగా ఉన్న హీటర్ నీటి పైకి తేలితే గాజు పగులుతుంది. గొట్టంతో నీళ్లు లాగేటప్పుడు నోటితో పీల్చొద్దు, గొట్టాన్ని నీళ్లతో నింపి వేలితో మూసి దించితే అదే పారుతుంది. చేతికి గాయం ఉంటే ఆ పని ఇంకొకరికి అప్పగించండి. చేపల నీళ్ల నుంచి చర్మానికి సోకే బ్యాక్టీరియా ఉంది. చేపల బకెట్ వేరే ఉండాలి, సబ్బు తగలకూడదు.

గంటస్తంభం కుర్రాడు:
మాస్టారూ, అన్నా, చాలా సంతోషం. నాన్నగారికి అంతా చదివి వినిపించాను. స్పాంజ్ జోలికి వెళ్లనన్నారు. రాళ్ల మధ్య చెత్త మాత్రం తీయాల్సిందే అంటున్నారు. మా తొట్టిలో సుమారు 50 లీటర్లు ఉంటాయి. ఈ ఆదివారం 5 లీటర్లతో మొదలుపెట్టి, నెమ్మదిగా 15కి, తర్వాత 25కి తీసుకెళ్దామనుకుంటున్నాం. బోరు నీళ్లే వాడతాం. బోరు వేసి పట్టి వెంటనే పోసేయొచ్చా, క్లోరిన్ ఉండదు కదా?

పూసపాటిరేగ రొయ్యలు:
చెత్త విషయంలో నాన్నగారిదే కరెక్టు, గొట్టం మూతిని రాళ్లలో గుచ్చి అడుగు చెత్త లాగండి. బోరు నీళ్లు మాత్రం వెంటనే పోయొద్దు తమ్ముడూ. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. పట్టిన వెంటనే పీహెచ్ చూస్తే 7 అంటాది, రాత్రంతా గాలి పెట్టి చూస్తే 8 అంటాది. నువ్వు నమ్మాల్సింది రెండోదాన్ని. టబ్బులో ఎయిర్ స్టోన్ వేసి ఉంచి, తొట్టి నీళ్ల వేడికి సరిపోయాక మగ్గుతో పొయ్యి.