పఠనక్రమం వదిలేసిన వచనాలను అనుదిన ధ్యానంలో చదవాలా, వద్దా?

దివారాత్రం:

అందరికీ వందనాలు. ఏ రోజుకు నియమించిన లేఖనభాగాన్ని ఆ రోజు చదివి, దానిని ధ్యానించి, అందులోనుంచే ప్రార్థించే పద్ధతిని పాటించేవారిని ఈ ప్రశ్న అడుగుతున్నాను. కతోలిక సంఘం 1969లో వెలువరించిన పఠనక్రమంలో ఆదివారాలకు మూడేళ్ల చక్రమూ, మామూలు రోజుల మొదటి పఠనానికి రెండేళ్ల చక్రమూ ఉన్నాయి. ప్రొటెస్టెంటు సంఘాలు అనేకం 1992 నాటి సవరించిన ఉమ్మడి పఠనక్రమాన్ని అనుసరిస్తున్నాయి. ఈ క్రమాలు మన ప్రార్థనకు చేసిన మేలు పెద్దది. మనకు నచ్చిన అధ్యాయాల చుట్టూనే తిరిగే అలవాటును అవి మాన్పించాయి. అయితే ఎంపిక ఉన్నచోట విడిచిపెట్టడం కూడా ఉంటుంది.

కతోలిక క్రమంలో మూడేళ్ల చక్రపు రెండో ఏట, ఈస్టరుకు ముందటి తపస్సుకాలం నాలుగవ ఆదివారం నాడు 137వ కీర్తన ఆరవ వచనంతో ఆగిపోతుంది. బబులోను పసిపిల్లలను బండకు వేసి కొట్టేవాడు ధన్యుడనే తొమ్మిదవ వచనం ఎవరి చెవినీ పడదు. 1971 నాటి కతోలిక అనుదిన ప్రార్థనల గ్రంథంలో, శత్రువులకు శాపం కోరే 58, 83, 109 కీర్తనలు పూర్తిగా లేవు. సరి సంవత్సరాల్లో సామాన్య కాలం (పండుగ కాలాలు కాని రోజులు) 24వ వారం సోమవారం నాడు మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో 17 నుంచి 26 వరకు చదివి, నేరుగా 33వ వచనానికి వెళ్తారు. అయోగ్యంగా ప్రభువు రొట్టెను తినేవారిని హెచ్చరించే వచనాలు సరిగ్గా ఆ మధ్యలోనే ఉన్నాయి.

సమాజమంతా కూడిన ఆరాధనలో వివరించే వ్యవధి లేక కొన్నిటిని విడిచిపెట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ తలుపు వేసుకొని ఒంటరిగా ధ్యానించేవారికి ఆ కారణం వర్తించదనీ, పఠనం ఎక్కడ తెగిందో చూసి ఆ తెగిన భాగాన్ని కూడా చదివాకే ప్రార్థనకు పూనుకోవాలనీ నా అభిప్రాయం.

తొలిఝాము:

దివారాత్రం గారూ, మీ ఆందోళన అర్థమైంది కానీ ముగింపుతో ఏకీభవించలేను. అనుదిన ధ్యానం లేఖన పరిశోధన కాదు. ఆనాటి వాక్యం ఎదుట మనస్సును నిలబెట్టడమే దాని పని, అందుకు ఒక హద్దు కావాలి. ఆ హద్దును నాకంటే ముందు ప్రార్థించినవారు గీశారు గనుక నేను గీసుకునే దానికంటే అది నమ్మదగినది.

పైగా, నజరేతు సమాజమందిరంలో ప్రభువు చదివిన తీరును గమనించండి. యెషయా గ్రంథం 61వ అధ్యాయం తీసుకొని, హితవత్సరాన్ని ప్రకటించడం అనే మాట వరకు చదివి, ప్రతిదండన దినం అనే తరువాతి మాట దగ్గరకు రాకుండానే గ్రంథాన్ని చుట్టి పరిచారకునికి ఇచ్చివేశాడు. వాక్యం మధ్యలో ఆపడం లేఖనానికి ద్రోహమైతే ఆయన ఆపేవాడు కాదు. 1971 గ్రంథపు సాధారణ సూచనలు కూడా శాప కీర్తనలను తక్కువ చేయలేదు. అటువంటి మొర ప్రకటన గ్రంథం ఆరవ అధ్యాయంలోనూ ఉందని ఒప్పుకుంటూనే, ప్రార్థించేవారికి కలిగే మానసికమైన ఇబ్బందిని బట్టి వాటిని పక్కన పెట్టినట్లు చెప్పాయి.

ఆ ఇబ్బంది నిజమైనది. ఎవరిమీదనో కోపంతో నిద్రలేచిన మనిషి చేతిలో 109వ కీర్తన పెడితే, తన పగకు లేఖనం ముద్ర దొరికిందని అతడు సంతోషిస్తాడే తప్ప పశ్చాత్తాపపడడు.

బెరయవాసి:

నజరేతు ఉదాహరణ మీ వాదానికి అనుకూలమని నేను అనుకోను. ఆ సమాజమందిరంలో కూర్చున్నవారికి తరువాతి మాట ఏమిటో తెలుసు. తెలుసు గనుకనే ఆయన ఆపిన చోటుకు అర్థం వచ్చింది. మన విషయంలో జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం: ముందు ఏముందో తెలియనివారి ఎదుట మధ్యలో ఆపేస్తున్నాం. అదీగాక, నజరేతులో చదవని ఆ ప్రతిదండనను గురించి లూకా సువార్త 21వ అధ్యాయంలో యెరూషలేము నాశనాన్ని ప్రస్తావిస్తూ ప్రభువే మాట్లాడాడు.

ఇక పూర్వుల సంగతి. ఆరవ శతాబ్దంలో మఠవాసుల కోసం రాసిన బెనెడిక్టు నియమావళి ప్రకారం సన్యాసులు 150 కీర్తనలనూ వారం రోజుల్లో పూర్తి చేయాలి. ఏ ఒక్కదానినీ విడిచిపెట్టే వెసులుబాటు లేదు. అదే నియమావళి ముందుమాటలో 137వ కీర్తన తొమ్మిదవ వచనానికి ప్రయోగం కూడా కనిపిస్తుంది: దురాలోచనలు పసివిగా ఉన్నప్పుడే పట్టుకొని క్రీస్తు అనే బండకు వేసి కొట్టాలని. తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను కూడా ఆ వచనాన్ని ఇంచుమించు ఇలాగే వివరించాడు. ఈ వివరణ మీకు నచ్చకపోవచ్చు (బబులోను తల్లుల దుఃఖాన్ని అది మాయం చేస్తుందని నాకూ అనిపిస్తుంది), కానీ వారు ఆ వచనంతో తలపడ్డారు, తప్పించుకోలేదు.

నిజానికి పఠనక్రమాలకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది రోజుకొక వాగ్దాన వచనంతో సరిపెట్టుకునే ధోరణి. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనంలోని సమాధానకరమైన ఉద్దేశాల మాటను ఎంతోమంది కంఠస్థం చేస్తారు. బబులోనులో డెబ్బది సంవత్సరాలు గడిచిన తరువాతే తిరిగి రప్పిస్తానని చెప్పే పదవ వచనం వారిలో ఎందరికి గుర్తుంటుంది? యిర్మీయా చెరలో ఉన్నవారికి రాసిన ఆ ఉత్తరం అందుకున్నవారిలో పెద్దవారు చాలామంది చెరలోనే కన్నుమూయవలసి ఉంది. అది తెలిసి ప్రార్థిస్తే ఆ వాగ్దానం మరోలా వినిపిస్తుంది.

నిదానం:

ఒక చిన్న మాట. అంతా చదవాలనే పట్టుదలకు తనదైన ప్రమాదం ఉంది. 1842లో స్కాట్లాండు పాదిరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ తన సంఘానికి రోజుకు దాదాపు నాలుగు అధ్యాయాల పట్టిక తయారుచేసి ఇచ్చాడు; ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. మొక్కుబడిగా చదవడం, చదివామన్న స్వనీతి, మోయలేని కాడిగా మారడం వంటి ప్రమాదాలను ఆ పట్టికతో పాటే అతడే పేర్కొన్నాడు. దీనికి భిన్నంగా జర్మనీలోని ఫింకెన్‌వాల్డె వేదపాఠశాలలో వేదాంతి బోన్‌హోఫర్ తన విద్యార్థుల చేత ఒకే చిన్న భాగాన్ని వారమంతా, రోజుకు అరగంట చొప్పున, ధ్యానం చేయించాడు. లోతు కావాలంటే విస్తీర్ణాన్ని కొంత వదులుకోక తప్పదని నాకు తోస్తుంది.

దివారాత్రం:

నిదానం గారు చెప్పినది నిజమే, కానీ నా ప్రశ్న నాలుగు అధ్యాయాలను గురించి కాదు. 137వ కీర్తనలో మిగిలినవి మూడు వచనాలు, కొరింథీ పత్రికలో ఆరు. వాటికి అరగంట ధ్యానంలో చోటు లేదనలేము.

తొలిఝాము గారు చూపిన ప్రమాదం, అంటే పగకు లేఖనం ముద్ర దొరకడం, తేలికగా తీసిపారేయదగినది కాదు. అయితే 137వ కీర్తన ఎవరి నోట వచ్చిందో మరువకూడదు. యెరూషలేము కూలడాన్ని కన్నులారా చూసి, చెరకు పోయినవారు పాడినది అది. ఏడవ వచనంలో వారు ‘యెహోవా, జ్ఞాపకం చేసుకో’ అని మొరపెట్టారు. కత్తి తీసి బయలుదేరలేదు. తమ కోపాన్ని దేవుని చేతికి అప్పగించి ఊరుకున్నవారి మాటలు చదివితే, కోపంతో లేచినవాడికి ఆ కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలిసే అవకాశం ఉంది. అవే మాటలు వినకపోతే అతడు తన కోపాన్ని ధ్యానపు గది బయటే ఉంచుకొని, ప్రార్థన ముగిశాక మళ్లీ తగిలించుకుంటాడు.

మరొకటి గమనించండి. ఏ ఆశా కనబడకుండా చీకటితో ముగిసే 88వ కీర్తనను అదే 1971 గ్రంథం శుక్రవారపు రాత్రి ప్రార్థనలో ఉంచింది. మన నిరాశను దేవుని ఎదుట పెట్టడానికి అనుమతించినవారు మన ఆగ్రహాన్ని పెట్టడానికి మాత్రం సందేహించారు.

కొరింథీ వచనాల సంగతి వేరు. అక్కడ శాపం శత్రువుమీద లేదు, తీర్పు మనమీదే ఉంది. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకోవాలని 28వ వచనం కోరుతోంది. 1969కి ముందు రోమా క్రమంలో పవిత్ర గురువారం నాడు ఆ అధ్యాయాన్ని 20 నుంచి 32 వరకు చదివేవారు. ఇప్పుడు ఆ రోజు 26తోనే ఆగుతున్నారు. తొలిఝాము గారూ, ఈ వచనాలను విడిచిపెట్టడానికి పగ పెరుగుతుందన్న కారణం చెల్లదు కదా?

తొలిఝాము:

చెల్లదు. ఆత్మపరీక్షకు పిలిచే మాటలను ఒంటరి ధ్యానంలో చదవవలసిందేనని ఒప్పుకుంటాను. అవి లేకుండా ప్రభువు బల్లను గురించి ధ్యానించడం అసంపూర్ణమే. 137వ కీర్తన విషయంలో కూడా మీరు చెప్పిన సందర్భాన్ని ముందుగా తెలుసుకొని చదివేవారికి అభ్యంతరం చెప్పను. 109 విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. శత్రువు పిల్లలు తండ్రిలేనివారు కావాలని కోరే ఆ కీర్తనను కొత్తగా ప్రార్థన నేర్చుకుంటున్నవారు ఒంటరిగా కాక, దానిని ఎరిగిన మరొకరితో కలిసి చదవాలి. అటువంటి తోడు దొరికేదాకా అది వారి అనుదిన పఠనంలో లేకపోయినా నష్టం లేదు.