ఇద్దరు పిల్లలకు వ్యాధి లేకపోతే మూడో బిడ్డ లెక్క ఎందుకు మారుతుంది?

విశాఖపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం జంతుశాస్త్రం చదువుతున్నాను. పాడేరు, అరకు వైపు కనిపించే సికిల్ సెల్ వ్యాధి (తల్లిదండ్రుల నుంచి సంక్రమించే రక్తవ్యాధి) మీద ఒక లెక్క మూడు రోజులుగా తేలడం లేదు.

ఒకామె తమ్ముడికి ఈ వ్యాధి ఉంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులు, అంటే వ్యాధి లేకపోయినా జన్యు జతలో ఒకటి లోపమున్నది. ఆమెకు వ్యాధి లేదు, కానీ రక్తపరీక్ష చేయించుకోలేదు. భర్త వాహకుడని పరీక్షలో తేలింది. ఇప్పటికే ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ వ్యాధి లేదు. మూడో బిడ్డకు వచ్చే సంభావ్యత ఎంత?

ఆమె వాహకురాలయ్యే అవకాశం మొదట 1/2 అనుకున్నాను. తల్లిదండ్రుల జన్యువులు కలిసే తీరు చూపే నాలుగు గడుల్లో వ్యాధి ఉన్న గడి కొట్టేస్తే మిగిలేవి మూడు, వాటిలో రెండు వాహకులవి కాబట్టి 2/3 అని దిద్దుకున్నాను. దాన్ని, ఇద్దరూ వాహకులైతే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశమైన 1/4తో గుణిస్తే 1/6. పుస్తకం వెనక జవాబు 9/68! అచ్చుతప్పేమోనని పాత ముద్రణ కూడా తిరగేశాను, అదే ఉంది.

చివరికి 1/4 మీదే అనుమానం వచ్చి, ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు రెండు (అష్టాచెమ్మావే), తల్లికొకటి తండ్రికొకటి, తెలుపు పడితే లోపమున్న జన్యువు అనుకుని 40 సార్లు వేశాను. రెండూ తెల్లగా పడింది 11 సార్లు. అది సరిగ్గానే ఉంది. పైగా పిక్కకు వెనకటి పందెం గుర్తుండదు, ప్రతి కాన్పూ విడి లెక్కే కదా.

మరి మొదటి ఇద్దరికీ వ్యాధి లేకపోవడం వల్ల నా లెక్కలో ఏ అంకె మారి 9/68 వస్తుంది?