ఆన్‌లైన్ డిగ్రీ క్లాసులో సగానికి పైగా ఉద్యోగస్తులే, గడువులు ఎలా పెట్టాలి?

లెక్కలమేడమ్:
డిగ్రీ వాళ్లకి స్టాటిస్టిక్స్ చెప్పబట్టి 12 ఏళ్లయింది, ఆన్‌లైన్ బ్యాచ్ నా చేతికొచ్చి 3 ఏళ్లు. మొదట్లో పాత నోట్సు, పాత స్లైడ్లు, పాత టైమ్‌టేబుల్ అన్నీ ఉన్నవున్నట్టు దించేశాను, ఎదురుగా మనుషులు కనపడరు, అంతే కదా తేడా అనుకున్నాను. ఈసారి మొదటి క్లాసులో ఎవరేం చేస్తుంటారో చాట్‌లో రాయమంటే 52 మందిలో స్కూలు అవగానే నేరుగా వచ్చినవాళ్లు 19 మందే తేలారు. మిగతావాళ్లలో నర్సులున్నారు, డెలివరీ పని చేసేవాళ్లున్నారు, పెళ్లయ్యాక చదువు ఆపేసి ఇన్నాళ్లకి మళ్లీ చేరినవాళ్లున్నారు. ఒకాయన కూతురు కూడా ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదట.

రూల్స్ మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లల్ని చూసి రాసినవే. లైవ్ క్లాసుకి రావాలి, కెమెరా ఆన్‌లో ఉండాలి, అసైన్‌మెంట్ ఆదివారం రాత్రి 12 లోపు పెట్టాలి, దాటితే సున్నా. పోయిన వారం ఒకావిడది 40 నిమిషాలు ఆలస్యమైంది. కాగితం మీద రాసి ఫోన్‌తో ఫొటో తీసి పంపింది. రెండో పేజీ మూలన అడ్డంగా ఎర్ర క్రేయాన్ గీత, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కని ఆ గీత తప్పించి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. లెక్క మొత్తం కరెక్టే. సున్నా వేశాను. వేసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

అలాగని అందరికీ గడువు సడలిస్తే కష్టపడి టైముకి పెట్టినవాళ్లకి అన్యాయం కాదా? ఇలాంటి బ్యాచ్‌లకి పాఠం చెప్పినవాళ్లు, అందులో చదివినవాళ్లు మీ అనుభవం రాయండి.

రాత్రిచదువు:
మేడమ్, నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, ఆన్‌లైన్‌లో మూడో ఏడాది. ఆ క్రేయాన్ గీతలు మా ఇంట్లోనూ ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. మాకు కావాల్సింది గడువు పెంచడం కాదండీ, గడువు ముందుగా చెప్పడం. సెమిస్టర్ మొదట్లోనే తేదీలన్నీ ఒక కాగితం మీద ఇస్తే నేను ఆ వారం షిఫ్టు మార్చుకుంటాను, మా అమ్మని రమ్మంటాను, ఏదో ఒకటి సర్దుకుంటాను. బుధవారం చెప్పి ఆదివారానికి కావాలంటే మాత్రం నా వల్ల కాదు, ఎందుకంటే ఆ నాలుగు రోజులు అప్పటికే ఎవరెవరికో ఇచ్చేసి ఉంటాను.

కెమెరా సంగతి కూడా కొంచెం ఆలోచించండి. మాకున్నది ఒక్కటే గది, నా వెనకాల మంచం మీద మా అత్తగారు పడుకుని ఉంటారు, ఆవిణ్ణి 50 మందికి ఎలా చూపించను? ఒక సార్ కెమెరా అడగడం మానేసి, ప్రతి పావుగంటకీ చిన్న ప్రశ్న వేసి చాట్‌లో జవాబు రాయమనేవారు. ఆ సబ్జెక్టులో నేను ఒక్క క్లాసు కూడా వదల్లేదు. రికార్డింగ్ కూడా గంటన్నర ఒకే ముక్కగా కాకుండా పది నిమిషాల ముక్కలుగా పెట్టండి, కుక్కర్ మీదపెట్టి ఒకటి, పిల్లలు పడుకున్నాక ఒకటి చూసుకుంటాం.

పాతకోర్సులు:
దూరవిద్య కోర్సులు తయారుచేసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను. మీరు చూస్తున్న విద్యార్థి కొత్తవాడు కాదండీ, ఇప్పుడు మన క్లాసులోకి వచ్చాడంతే. లండన్ యూనివర్సిటీ 1858లోనే బయటివాళ్లు ఎక్కడున్నా చదువుకుని పరీక్ష రాసే వీలు కల్పించింది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి 1971లో పాఠాలు మొదలుపెట్టింది, చేరడానికి ముందు ఏ అర్హతా అడగలేదు. బీబీసీలో వచ్చే దాని పాఠాలే అందరికీ గుర్తున్నాయి గానీ, దాన్ని నిలబెట్టింది ప్రతి విద్యార్థికీ ఉన్న ట్యూటర్. అసైన్‌మెంట్ పోస్టులో వెళ్తే ఆ ట్యూటర్ చదివి, ఎక్కడ తప్పిందో రాసి వెనక్కి పంపేవాళ్లు.

దీనికి రెండో వైపు కూడా చూడండి. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చెప్పే కృత్రిమ మేధ కోర్సుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే దాదాపు 1,60,000 మంది చేరారు, పూర్తిచేసినవాళ్లు 20,000 పైచిలుకు. ఆ తర్వాత వచ్చిన ఉచిత కోర్సుల్లోనూ చేరినవాళ్లలో చాలామందికి అప్పటికే డిగ్రీ ఉందని సర్వేల్లో తేలింది. పాఠం అందుబాటులో పెట్టినంత మాత్రాన సరిపోదు, మనిషి కూడా అందుబాటులో ఉండాలి.

మీ సున్నా విషయానికొస్తే, ఒక్కొక్కరికీ సెమిస్టర్‌కి 5 రోజుల ఆలస్యం ముందే ఇచ్చేయండి. ఎప్పుడు వాడుకోవాలో వాళ్ల ఇష్టం, కారణం చెప్పక్కర్లేదు, అయిపోతే అయిపోయినట్టే. అందరికీ ఒకే లెక్క కాబట్టి అన్యాయం మాటే రాదు. ఇంకోటి, మీరు వయసులో పెద్దవాళ్ల గురించే దిగులు పడుతున్నట్టున్నారు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల మీద జరిగిన పరిశోధనలో, క్లాస్‌రూమ్ నుంచి ఆన్‌లైన్‌కి మారితే ఎక్కువ దెబ్బతిన్నది చిన్న వయసువాళ్లు, అంతకుముందు మార్కులు తక్కువ వచ్చినవాళ్లు. పెద్దవాళ్లు వాళ్లకంటే బాగానే నిలదొక్కుకున్నారు.

మొదటిబెంచీ:
పైన చెప్పింది నిజమండీ. నాకు 19. ఇంట్లో ఖాళీగానే ఉంటాను, టైముకి కొదవ లేదు, అందుకే నా గురించి ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ పోయిన సెమిస్టర్‌లో మూడు వారాలు పోర్టల్ తెరవలేదు. ఒక వీడియో అర్థం కాలేదు, పక్కన అడగడానికి ఎవరూ లేరు, రేపు చూద్దాం అనుకున్నాను, ఆ రేపటికి ఇంకో నాలుగు వీడియోలు చేరాయి, తర్వాత లాగిన్ అవ్వాలంటేనే భయం వేసింది. ఒకరోజు ట్యూటర్ ఫోన్ చేసి, ఎందుకు రావట్లేదని అడక్కుండా, ఎక్కడ ఆగిపోయావమ్మా అని అడిగారు. ఆ రోజే కూర్చుని రెండు పాఠాలు చూశాను. ఇప్పుడు మా గ్రూపులో బ్యాంకులో పనిచేసే అక్క ఒకావిడ ఉంది, ఆవిడకి నేను ఎక్సెల్ చెబుతాను, ఆవిడ నన్ను రోజూ రాత్రి 9కి చదువుకి కూర్చోబెడుతుంది.

లెక్కలమేడమ్:
అందరికీ థాంక్స్. మా హెచ్‌ఓడీ గారితో మాట్లాడాను, 5 రోజుల పద్ధతికి ఈ సెమిస్టర్ వరకు ఒప్పుకున్నారు, మొదటి అసైన్‌మెంట్ నుంచే వర్తిస్తుంది కాబట్టి ఆ సున్నా తీసేశాను. తేదీల కాగితం ఈ రాత్రికి పెడుతున్నాను. కెమెరా రూల్ నా చేతిలో లేదు, రాసి అడుగుతాను.

పాతకోర్సులు గారి మాట చూశాక లాగిన్ లిస్టు తెరిచాను. రెండు వారాలుగా రానివాళ్లు 7 మంది ఉన్నారు, అందులో 5 మంది స్కూలు నుంచి నేరుగా వచ్చినవాళ్లే. ఇన్నాళ్లూ వాళ్ల వైపు చూడనే లేదు. ఇద్దరితో ఇప్పుడే మాట్లాడాను, మిగతావాళ్లకి రేపు పొద్దున చేస్తాను.