ఆరు వేల రూపాయలలో పీఎల్‌సీ భద్రత నేర్చుకోవడం సాధ్యమేనా?

ప్రశ్న (కావలి నుంచి):
నేను ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నియంత్రణ వ్యవస్థల భద్రతను చేతులతో చేసి నేర్చుకోవాలని ఉంది, కానీ మా కళాశాలలోని ఒకే ఒక పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న పారిశ్రామిక కంప్యూటర్) కిట్టు బీరువా దాటి బయటకు రాదు. నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్, ఆరు వేల రూపాయలు ఉన్నాయి. పాత పీఎల్‌సీ కొనమంటారా, సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోమంటారా?

జవాబు 1 (ఒంగోలు నుంచి):
పాత పీఎల్‌సీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేను చవకగా వస్తోందని ఒకటి కొన్నాను. తీరా చూస్తే లోపలి ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ ఉంది, కేబుల్ ధర యంత్రం ధరను మించింది. అది ఇప్పటికీ అటక మీదే ఉంది.

కంప్యూటర్‌నే పీఎల్‌సీలా పనిచేయించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌పీఎల్‌సీని ల్యాప్‌టాప్‌లో నడిపి, యూఎస్‌బీ ద్వారా ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డును జత చేయండి. మన జిల్లాల వారికి రొయ్యల చెరువు కంటే తెలిసిన ప్రక్రియ ఏముంటుంది? పొటెన్షియోమీటర్‌ను (తిప్పితే వోల్టేజీ మారే నాబ్) ఆక్సిజన్ సెన్సార్ అనుకోండి, రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) వెనుక చిన్న 5 వోల్టుల మోటారును ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) అనుకోండి. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే మోటారు తిరగాలి. ఈ హద్దే సెట్‌పాయింట్; దానిని ఉంచే రిజిస్టరులో, అంటే పీఎల్‌సీ మెమరీ గడిలో, పూర్ణాంకమే ఉంటుంది కనుక 4.0ను 40గా రాసుకోవాలి.

ఇక దాడి. పీఎల్‌సీతో ఇతర కంప్యూటర్లు మాట్లాడే పద్ధతుల్లో ఒకటైన, 1979లో వచ్చిన మోడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అన్న మాటే లేదు. అది వాడే నెట్‌వర్కు ద్వారం, 502 పోర్టుకు చేరగలిగిన ఎవరైనా పీఎల్‌సీలో విలువలు రాయవచ్చు. ముందుగా మోటారు కాయిల్‌ను (ఆన్/ఆఫ్ విలువ ఉండే చోటు) ఆపి చూడండి: రిలే ఒకసారి టక్కుమన్నా, తరువాతి స్కాన్‌లోనే (మరో చుట్టు నడవగానే) ప్రోగ్రాం దానిని మళ్లీ సరిచేస్తుంది. అప్పుడు పైమోడ్‌బస్ అనే పైథాన్ లైబ్రరీతో సెట్‌పాయింట్ రిజిస్టరులో 40 బదులు 10 రాయండి. అలారమూ అదే రిజిస్టరును చూస్తుంటే తెరపై ఏ హెచ్చరికా రాదు, ఆక్సిజన్ పడిపోతున్నా ఏరియేటర్ తిరగదు. ఆ ప్యాకెట్‌ను నెట్‌వర్కు రాకపోకలను చూపే వైర్‌షార్క్‌లో పట్టుకుని ఫంక్షన్ కోడ్ 6 (ఒక రిజిస్టరులో రాయమనే ఆదేశం) చూడండి.

జవాబు 2 (ముత్తుకూరు నుంచి):
పై సలహా బాగుంది. ఒక్క మాట: మీ నాన్నగారి చెరువు స్టార్టరుకు దీనిని తగిలించకండి, 502 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. నిజమైన ప్లాంటు నెట్‌వర్కును సరదాకు కూడా స్కాన్ చేయవద్దు. పాత పీఎల్‌సీలు ఆ మాత్రానికే నిలిచిపోవచ్చు. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించిన కంప్యూటర్ వ్యవస్థలోకి అనుమతి లేకుండా చొరబడితే, ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. మా నాన్నగారికి చెరువు ఉందని మీకెలా తెలిసిందో గాని, స్టార్టరు మీదే నా కన్ను ఉండేది. ఊనోతోనే మొదలుపెడతాను. రిజిస్టరులో 20 కంటే తక్కువ విలువ వస్తే ప్రోగ్రామే తిరస్కరించేలా లాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాం రాసే భాష) రాస్తే సరిపోతుందా?

జవాబు 1:
అదే మొదటి రక్షణ. గరిష్ఠ పరిమితి కూడా పెట్టండి. లేకపోతే 900 రాసి మోటారును రాత్రంతా తిప్పిస్తారు.