ఏడో నెల గర్భిణికి చూపు మసక: పవర్ మార్చాలా, బీపీ చూడాలా?

ప్రశ్న (కళ్లజోళ్ల షాపు, గుణుపురం)
ఏడో నెల గర్భిణి ఒకావిడ చూపు మసకగా ఉందని వచ్చారు. పాత పవర్ రెండు కళ్లకీ మైనస్ 1.50. మైనస్ 2.00 పెడితే కింది వరస చదువుతున్నారు. కాంటాక్ట్ లెన్స్ పెడితే ఇసక పడ్డట్టుందట, గంట కూడా ఉంచుకోలేకపోతున్నారు. కొత్త అద్దాలు కట్టేయమంటారా?

జవాబు (ఆప్టోమెట్రిస్టు, బరంపురం)
ఇప్పుడే కట్టకండి తమ్ముడూ. గర్భంతో ఉన్నప్పుడు కాళ్లకు నీరు పట్టినట్టే కార్నియాకూ (కంటి ముందుండే పారదర్శక పొర) కొంచెం పడుతుంది. అది మందమై, వంపు మారుతుంది. అందుకే పవర్ కాస్త జరుగుతుంది, నిన్నటిదాకా సరిపోయిన లెన్స్ ఈరోజు ఒరుసుకుంటుంది. కన్నీరు తగ్గడం దానికి తోడు. కాన్పయిన కొన్ని వారాలకు చాలామందికి పాత పవరే వచ్చేస్తుంది.

లెన్స్ మాన్పించి, రెండు రోజులు కళ్లజోడుతోనే ఉండమని, మళ్లీ చూడండి. ఒక్కో కన్ను మూసి, పిన్‌హోల్ (సన్న రంధ్రమున్న పలక) పెట్టి చదివించండి. చూపు తేరుకుంటే పవర్ తేడా కావచ్చు. తేరుకోకపోతే రెటీనా (కంటి లోపల వెనకుండే తెర) చూడాల్సిందే, అది షాపులో తేలేది కాదు. నడవడానికే ఇబ్బందయితే చవక ఫ్రేములో తాత్కాలికంగా ఇవ్వండి. పొడికళ్లకు ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు రోజుకు నాలుగుసార్లు చాలు. ఎరుపు తగ్గించే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు రాయనిదే అమ్మొద్దు.

జవాబు (స్టాఫ్ నర్సు, పర్లాకిమిడి)
పిన్‌హోల్‌లో తేరుకున్నా సరే, ముందు బీపీ. 20 వారాలు దాటిన గర్భిణికి మసక ఉన్నట్టుండి వచ్చిందా, మెరుపులు, నల్లచుక్కలు కనిపిస్తున్నాయా, తలనొప్పి, పక్కటెముకల కింద నొప్పి, ముఖం వాపు ఉన్నాయా, అన్నీ అడగండి. బీపీ పెరిగితే రెటీనా నాళాలు బిగుస్తాయి, రెటీనా కింద నీరు చేరుతుంది, మెదడు వెనక భాగమూ వాస్తుంది. అద్దం మార్చి పంపితే ఆ రాత్రే ఫిట్స్ రావొచ్చు.

ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలి ఉండాలి. రవిక చేతి మీద పట్టీ కట్టకండి. చర్మానికి తగిలేలా, గుండె ఎత్తున కట్టాలి. 140/90 ఉన్నా, దాటినా అదే రోజు ఆస్పత్రికి, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా. 160/110 ఉన్నా, దాటినా, లేదా బీపీ పెరిగి పై లక్షణాల్లో ఒక్కటున్నా, వెంటనే 108. కాన్పయ్యాక ఆరు వారాల వరకూ ఈ జాగ్రత్త తప్పదు.

జవాబు (ఏఎన్ఎం, రాయగడ)
మసక ఎప్పుడని కూడా అడగండి. పొద్దుగూకాకే తడుముకుంటున్నారంటే రేచీకటి, విటమిన్ ఏ లోపం కావచ్చు. మునగాకు, గుమ్మడి, గుడ్డు పెట్టించి డాక్టరుకు చూపించాలి. పిల్లలకు పోసే విటమిన్ ఏ సిరప్ మాత్రం గర్భిణికి వద్దు: ఒక్క మిల్లీలీటరులోనే లక్ష యూనిట్లు, గర్భిణికి రోజుకు 10,000 దాటితే బిడ్డకు చేటు. గర్భానికి ముందునుంచే షుగర్ ఉన్నవాళ్లకు తొలి మూడు నెలల్లోనే రెటీనా పరీక్ష చేయించాలి, ఆ తర్వాతా వదలకూడదు.

ప్రశ్న అడిగినవారు
తలనొప్పి సంగతి అడగలేదక్కా, పిన్‌హోల్ కూడా పెట్టలేదు. ఆర్డరు ఆపేశాం. ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తున్నాం, ఇప్పుడే బీపీ చూపించుకోమని.